అందాల రాకుమారుడు కాదు.. గద్ద ముఖం ఉన్న రాక్షసుడు! 'బ్యూటీ అండ్ ది బీస్ట్' కథలో అసలు భయం చూపించిన సినిమా ఇదే

'బ్యూటీ అండ్ ది బీస్ట్' అనగానే చాలామందికి గుర్తొచ్చేది పసుపు గౌనులో డ్యాన్స్ చేసే అమ్మాయి, పాట పాడే టీ కెటిల్. 1991 నాటి డిస్నీ యానిమేషన్, 2017లో ఎమ్మా వాట్సన్ చేసిన సినిమా చూసినవాళ్లకు అదో తీయటి ప్రేమకథ. కానీ ఇదే కథతో 1978లో చెకోస్లోవేకియాలో వచ్చిన సినిమా చూస్తే మాత్రం వెన్నులో వణుకు పుట్టాల్సిందే. దాని పేరు 'పన్నా ఆ నెట్వోర్'. అంటే కన్య, రాక్షసుడు. డైరెక్టర్ యురాయ్ హెర్ట్స్. ఇంతకీ ఇందులో అంత స్పెషల్ ఏముంది?

కథ ఏంటంటే..

పొగమంచు కమ్మిన అడవి. సరుకుల బండ్లు బురదలో వెళ్తుంటాయి. వాటిపై ఏదో దాడి చేస్తుంది. దాంతో ఆ సరుకు తాలూకు వ్యాపారి దివాలా తీస్తాడు. దారితప్పి ఓ పాడుబడ్డ కోటలోకి వెళ్లి, కూతురి కోసం ఒక్క గులాబీ తెంపుతాడు. దానికి శిక్ష మరణం. తండ్రి ప్రాణం కాపాడటానికి చిన్న కూతురు జూలీ తనంతట తానే ఆ కోటకు బయల్దేరుతుంది.

గద్ద ముఖం ఎందుకు?

1946లో ఫ్రెంచ్ డైరెక్టర్ జాన్ కాక్టో తీసిన సినిమాలో బీస్ట్‌కు సింహంలాంటి ముఖం ఉంటుంది. జూలు, పెద్ద కళ్లు చూస్తే జాలి కూడా కలుగుతుంది. హెర్ట్స్ ఆ దారిలో వెళ్లలేదు. వేటాడే పక్షి తల, పదునైన ముక్కు, గోళ్లు పెట్టాడు. ఆ ముఖంలో భావాలు కనిపించవు. అందుకే ఆ పాత్రకు బ్యాలే డ్యాన్సర్ వ్లాస్తిమిల్ హారపెస్‌ను తీసుకున్నారు. ముఖం చెప్పలేనిది ఆయన నడక, భుజాలు, చేతులు చెబుతాయి. జూలీగా జ్దేనా స్టుడెంకోవా నటించారు.

అసలు పాయింట్ ఇదే

ఈ బీస్ట్ పైకి భయపెట్టి లోపల మంచిగా ఉండే టైప్ కాదు. నిజంగానే చంపుతాడు. జూలీని కూడా చంపేయమని అతని లోపలి గొంతు ఒకటి పోరు పెడుతూనే ఉంటుంది. అందుకే తనవైపు చూడొద్దని ఆమెను కోరతాడు. చీకట్లో మాటలతోనే పరిచయం పెరుగుతుంది. ప్రేమ మొదలయ్యాక అతని గోళ్లు పోయి మనిషి చేతులొస్తాయి. పెట్ర్ హప్కా ఆర్గాన్ మ్యూజిక్ ఆ సీన్లకు ప్రాణం.

ప్రమాదం నిజమైనప్పుడే ఆమె నిర్ణయానికి విలువ. ప్రమాదమే లేకపోతే అందులో ధైర్యం ఏముంటుంది? డిస్నీ వెర్షన్‌లో తగ్గిపోయింది, ఇక్కడ మళ్లీ కనిపించేది అదే.

పాత కథలోనూ ఈ భయం ఉంది

ఈ కథను 1740లో ఫ్రాన్స్‌లో మదామ్ ద విల్నెవ్ రాశారు. 1756లో మదామ్ ద బోమోన్ దాన్ని కుదించి, పిల్లలు చదివేలా మార్చారు. పెళ్లి విషయంలో అమ్మాయి మాట చెల్లని రోజులవి. ముక్కూముఖం తెలియని మగాడి ఇంటికి వెళ్లాల్సిన అమ్మాయి గుండెదడే ఈ కథ అని చాలామంది విశ్లేషకులు అంటారు. మన ఇళ్లలో అమ్మమ్మలను అడిగినా ఆ దడ ఎలా ఉంటుందో చెబుతారు.

హెర్ట్స్‌కు భయం కొత్త కాదు

1934లో పుట్టిన హెర్ట్స్ చిన్నతనంలోనే నాజీల నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. 1969లో తీసిన 'ది క్రిమేటర్'తో పేరు తెచ్చుకున్నాడు. 1968లో సోవియట్ సేనలు వచ్చాక అక్కడ సినిమాలపై నిఘా పెరిగింది. అలాంటి టైమ్‌లో జానపద కథ ముసుగులో తనకు నచ్చిన హారర్ తీశాడు. ఖర్చు కలిసొచ్చేలా ఇవే సెట్లలో 'ది నైన్త్ హార్ట్' అనే మరో సినిమా కూడా పూర్తి చేశాడు.

ఇక క్లైమాక్స్ అంటారా? అది ఇక్కడ చెప్పేస్తే మజా పోతుంది. ఒక్క మాట మాత్రం.. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే సినిమా మాత్రం కాదిది!