సేఫ్టీ బూట్లు ఎందుకు త్వరగా పోతాయి? అపోహలు – వాస్తవాలు

సెంట్రింగ్ పనివాళ్లు, వెల్డర్లు, గోదాముల్లో బరువులు మోసే హమాలీలు తొడిగే బూట్లు నడకకు అరిగి పోయేది తక్కువ. తడి, వేడి, సిమెంటు ముందుగా వాటిని తినేస్తాయి. మంచిదనుకుని మనం చేసే పనులు మిగతా నష్టం చేస్తాయి. రోజుకూలీ మీద బతికేవాళ్లకు కొత్త జత అంటే బరువే కాబట్టి పాతవాటిని ఇంకొన్ని నెలలు లాగాలనుకోవడం న్యాయమే. అయితే బూటులో లాగగలిగిన భాగం ఒకటి, లాగకూడని భాగం ఇంకొకటి ఉన్నాయి.

“తడిసిన బూట్లను ఎండలో పడేస్తే సాయంత్రానికి మళ్లీ కొత్తవే.”

ఎండలో ఆరేమాట నిజమే, కానీ తోలు పాడైపోతుంది. తోలులోని సన్నటి పోగులు ఒకదానిమీద ఒకటి జారాలంటే వాటి మధ్య కొవ్వూ కాస్త తేమా ఉండాలి. ఎండలోనో, పొయ్యి పక్కనో గబగబా ఆరిన తోలు బిగుసుకుపోయి, వేళ్ల వెనక మడతపడే చోట పగులుతుంది. అతికించిన సోల్ అయితే ఆ వేడికి గమ్ము కూడా పట్టు వదులుతుంది.

లేసులు విప్పి, నాలుకను బయటికి లాగి, ఇన్‌సోల్ తీసి విడిగా ఆరేయండి. పాత న్యూస్‌పేపరును ఉండలు చుట్టి బూటు ముందు భాగం దాకా కుక్కి, నీడలో గాలి ఆడేచోట పక్కకు వాల్చి పెట్టండి. కాగితం తడిసినప్పుడల్లా మార్చాలి. ఫ్యాను గాలి చాలు. వానాకాలంలో ఒక్క రాత్రికి లోపలిదాకా ఆరదు. అందుకే రెండు జతలుంచుకుని రోజు మార్చి రోజు తొడగడాన్ని దుబారా అనలేం. చెమట తడి ఆరడానికి ప్రతి జతకూ వ్యవధి దొరుకుతుంది.

“నూనె ఎంత పట్టిస్తే తోలు అంత గట్టిగా ఉంటుంది.”

గుడ్డకు కాస్త నూనె అద్ది పల్చగా రుద్దితే ఎండిన తోలు మెత్తబడుతుంది. గిన్నెడు నూనె పోసి నానబెడితే మాత్రం తోలు సాగి ఆకారం కోల్పోతుంది, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. మెకానిక్ షెడ్డులో మిగిలిన ఇంజన్ ఆయిల్ ఇంకా చెరుపు. అది గమ్మునూ, కొన్ని రకాల రబ్బరునూ మెత్తబరుస్తుంది. ముందు మట్టి దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక మైనపు పాలిష్ పూయడమే మేలు. కుట్ల వెంబడి మరింత శ్రద్ధగా రుద్దాలి, ఎందుకంటే నీళ్లు ముందు దిగేది అక్కడే.

“సిమెంటు ఎండాక అదే రాలిపోతుంది.”

సైట్లలో నన్ను అన్నింటికన్నా బాధపెట్టే నమ్మకం ఇదే. పచ్చి సిమెంటుకు క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది. తోలు తట్టుకోగలిగింది ఆమ్లం వైపు ఉండే స్వల్ప స్థాయినే. కాంక్రీటు చిందిన తోలును రాత్రంతా వదిలేస్తే అది చెక్కలా బిరుసెక్కి, నాలుగు మడతలకే చీలుతుంది. పై పెచ్చు రాలినంత మాత్రాన లోపలికి దిగింది పోదు. పని దిగగానే, తడి ఆరకముందే బ్రష్షుతో, మంచినీళ్లతో కడగాలి. బట్టలుతికే పౌడరు వద్దు, అదీ క్షారమే. స్లాబు పోసే రోజు కాంక్రీటులో నిలబడాల్సి వస్తే తోలు బూట్లు పక్కనపెట్టి రబ్బరు గమ్‌బూట్లు తొడగాలి. లోపలికి దిగిన సిమెంటు నీళ్లు కాలి చర్మాన్నీ కాలుస్తాయి.

“వాడకుండా దాచుకుంటే ఎన్నేళ్లయినా కొత్తవే.”

అట్టపెట్టెలో భద్రంగా ఉన్న జతను మూడు, నాలుగేళ్ల తర్వాత తీసి తొడిగితే, పది అడుగుల్లో సోల్ ముక్కలై రాలడం చూసినవాళ్లున్నారు. కంపెనీ మోసం చేసిందనుకుంటారు. మన దగ్గర దొరికే సేఫ్టీ బూట్లలో చాలావాటి సోల్ పాలీయురేథేన్‌తో అచ్చుపోసింది. గాలిలోని తేమ దాని అణువుల గొలుసులను మెల్లగా తెంపుతుంది. నడిచినా నడవకపోయినా ఆ పని ఆగదు. వేడీ, ఉక్కపోతా ఎక్కువైతే ఇంకా వేగంగా సాగుతుంది. కాబట్టి విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో రెండు మూడు జతలు ఒకేసారి కొని నిల్వ చేయడం లాభం కాదు. బూటు మీద తయారైన సంవత్సరం ముద్రించి ఉంటుంది, కొనేముందు చూడండి. సోల్‌ను బొటనవేలితో నొక్కినప్పుడు గీతలు పడినా, పిండిలా రాలినా ఇక దానికి మరమ్మతు లేదు.

“నోరు తెరిచిన సోల్‌కు రెండు చుక్కల గమ్ము చాలు.”

క్షణంలో అతుక్కునే గమ్ము గట్టిపడి గాజులా పెళుసవుతుంది. బూటేమో అడుగడుగునా వంగుతుంది. అందుకే ఆ అతుకు రెండు రోజులకే విడిపోతుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గరుండే వంగే రకం గమ్ము కావాలి. ఆయన పని తీరు చూడండి. రెండువైపులా పాత గమ్ము గీకి, ఆకురాయితో గరుకు చేసి, పల్చగా పూసి, చేతికి అంటనంతవరకు ఆరనిచ్చి, అప్పుడు అదిమి సుత్తితో కొడతాడు. ఆ ఆరనిచ్చే కొద్ది నిమిషాలే అతుకుకు ప్రాణం. అంచున నైలాను దారంతో కుట్టించినా మంచిదే. మేకులు మాత్రం కొట్టించొద్దు, అరిగేకొద్దీ అవి పాదంలోకి పొడుచుకొస్తాయి.

“ముందు ఇనుప టోపీ సొట్టపోతే సుత్తితో సరిచేసుకోవచ్చు.”

ఇక్కడ పొదుపు పనికిరాదు. భారత ప్రమాణం ఐఎస్ 15298 రెండో భాగం ప్రకారం సేఫ్టీ బూటు ముందుభాగం 200 జౌళ్ల దెబ్బను తట్టుకోవాలి. ఇరవై కిలోల బరువు సుమారు మీటరు ఎత్తునుంచి పడినట్టన్నమాట. ఒక పెద్ద దెబ్బకు వంగిన టోపీ తన పని చేసేసింది. దాన్ని సరిచేసినా రెండో దెబ్బకు ఆ బలం ఉండదు. పైకి సొట్ట కనిపించకపోయినా, బరువైనది పడితే ఆ జత మార్చాల్సిందే. ఇనుప టోపీ వంగి వేళ్లనే కోసేస్తుందని భయపడి మామూలు బూట్లకు మారేవాళ్లూ ఉన్నారు. అంతటి దెబ్బ టోపీ లేని కాలి మీద పడితే వేళ్లు నుజ్జవుతాయి. సోల్ గాట్లు అరిగి నున్నబడినప్పుడూ మార్చేయాలి, తడి టైల్స్ మీద అవి జారతాయి.

“బూట్లు కార్మికుడు కొనుక్కోవలసినవే.”

తడి కాంక్రీటులో, నీళ్లలో పనిచేసేవాళ్లకు నీరు దిగని బూట్లు ఇవ్వాలని 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాల్లోనే ఉంది. బొగ్గు గనుల్లో కూడా రక్షణ బూట్లను యాజమాన్యం ఉచితంగా ఇవ్వాల్సిందే. సొట్టపోయిన టోపీనీ, పిండైన సోల్‌నూ మేస్త్రికో, సూపర్‌వైజరుకో చూపించి కొత్త జత అడగండి.