కేశమార్పిడి అనంతర వ్రణసంరక్షణ: కోనసీమ నేపథ్యం

సుశ్రుతసంహిత చికిత్సాస్థానం పేర్కొన్న 60 వ్రణోపక్రమాలలో రోమసంజననం ఒకటి: గాయం మానినచోట రోమాలు మొలిపించడం. నేటి కేశమార్పిడిలో ఈ క్రమం తిరగబడింది. రోమం నాటడానికే గాట్లు పెడతారు. కనుక ఫలితంలో వ్రణసంరక్షణ పాత్ర కీలకం.

గాట్లపై కట్టిన పక్కులు సాధారణంగా 7–10 రోజులలో రాలుతాయి. తొలి రోజులలో గిల్లితే కుదురే ఊడిరావచ్చు. తలకు కొబ్బరినూనె, గాయానికి పసుపు అలవాటైన కోనసీమలో గాట్లు మానేవరకు ఆ రెంటినీ, కాలువ స్నానాన్నీ విడిచి, వైద్యుడు సూచించిన విధంగానే తలను శుభ్రపరచాలి. చీము, జ్వరం, పెరిగే నొప్పి కనిపిస్తే ఆలస్యం తగదు.

2–8 వారాలలో నాటిన వెంట్రుకలు రాలడం వైఫల్యం కాదు. అమలాపురం, కొత్తపేట చేలలో నాటిన వరి మొదట వాడి, వేరు పట్టాక మూన తిరుగుతుంది. చర్మంలో నిలిచిన కుదురూ అంతే: కొత్త మొలక 3–4 నెలలకు, పూర్తి ఫలితం సుమారు ఏడాదికి కనిపిస్తాయి.