తల్లిదండ్రులు విడిపోయినప్పుడు బిడ్డల మనస్సు

విడాకుల వ్యాజ్యములో కాగితముపై రెండు పక్షములే కనిపించును. ఇంటిలో మూడవ పక్షము కూడ ఉన్నది. ఆ పక్షమునకు వకీలు లేడు. తన బాధను వెల్లడించుటకు తగిన మాటలు కూడ లేవు. ఆ పక్షము బిడ్డలే.

1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము విడాకులకు వీలు కల్పించినది. ఉభయుల సమ్మతిపై విడిపోవు పద్ధతి 1976లో జరిగిన సవరణ ద్వారా ఆ చట్టమున చేరినది. కుటుంబ వివాదములకై ప్రత్యేక న్యాయస్థానములను నెలకొల్పుటకు 1984లో మరియొక చట్టము వచ్చినది. ఇట్టి చట్టములు దంపతుల సంబంధమును ముగింపగలవు. కాని బిడ్డకు తల్లి తల్లియే, తండ్రి తండ్రియే. ఈ సంగతిని బిడ్డ ప్రతిదినము అనుభవమున గ్రహించునట్లు చూచుట పెద్దల కర్తవ్యము.

బిడ్డ లోలోపల తలచునది

చిన్నబిడ్డ తన చుట్టు జరుగు సంగతులకు తానే కారణమని తలచును. అల్లరి చేసినందుకో, అన్నము తిననని మారాము చేసినందుకో నాన్న ఇల్లు విడిచి వెళ్ళినాడని నమ్మును. ఈ భయమును పైకి చెప్పదు. అది నడవడిలో బయటపడును. ఐదేండ్ల లోపు బిడ్డ ఎప్పుడో మానిన పక్క తడుపుటను మరల ప్రారంభింపవచ్చును. తల్లి కొంగు విడువకపోవచ్చును. ఏడెనిమిదేండ్ల బిడ్డ తాను బుద్ధిగా నడచుకొన్నచో అమ్మానాన్నలు మరల కలియుదురని ఆశపడును. పదేండ్లు దాటినవారిలో కొందరు ఒకరి పక్షము వహించి రెండవవారిపై కోపము పెంచుకొందురు. యుక్తవయస్సు వచ్చినవారు మౌనము వహింతురు, లేదా ఇంటి బరువంతయు తమ తలపై వేసికొందురు. కారణము తెలియని కడుపునొప్పి, తలనొప్పి, చదువులో వెనుకబాటు ఏ వయస్సుననైనను కనిపింపవచ్చును. వీనిని మొండితనమని యెంచి దండించినచో భయము మరింత పెరుగును.

నిజమును చెప్పవలెను

“నాన్న ఊరికి వెళ్ళినాడు” అని చెప్పి నెలల తరబడి గడుపు ఇండ్లు కలవు. అట్టి ఇంటిలో వీధిని ఆటో ఆగినప్పుడెల్ల బిడ్డ గుమ్మము కడకు పరుగెత్తును. తుదకు నిజమును పొరుగువారి నోట వినును. అప్పుడు తనతో ఉన్నవారి మాటపై కూడ నమ్మకము పోవును.

వీలైనచో తల్లిదండ్రులిద్దరును కలిసి, విడిపోవుటకు కొన్ని దినములు ముందుగనే, తేలిక మాటలలో చెప్పవలెను: “మేమిద్దరము ఇకమీదట వేరువేరు ఇండ్లలో ఉంటాము. ఇది పెద్దవాళ్ళ మధ్య వచ్చిన సంగతి. నీవు చేసిన పని వల్ల రాలేదు. నీవు దీనిని సరిచేయనక్కరలేదు. మేమిద్దరము నీకు అమ్మానాన్నలమే.” తరువాత బిడ్డకు కావలసిన వివరములు చెప్పవలెను: తాను ఎక్కడ పడుకొనును, ఏ బడికి పోవును, ఎవరు తీసికొనిపోవుదురు, రెండవవారిని ఏ దినమున చూచును. ఒక్కసారి చెప్పినంత మాత్రమున చాలదు. బిడ్డ అడిగినన్నిసార్లు ఓపికతో బదులు చెప్పవలెను.

చేయకూడని మూడు పనులు

మొదటిది, బిడ్డచే కబురులు పంపుట. “ఈ నెల డబ్బు ఎందుకు పంపలేదో మీ నాన్నను అడుగు” అనరాదు. పెద్దల మాటలు పెద్దలే ఆడుకొనవలెను.

రెండవది, ఆరా తీయుట. తండ్రి ఇంటి నుండి తిరిగి వచ్చిన బిడ్డను “అక్కడికి ఎవరెవరు వచ్చినారు?” అని గుచ్చి గుచ్చి అడిగినచో, బిడ్డ అక్కడి సంతోషమును ఇక్కడ దాచుకొనుట నేర్చును.

మూడవది, తీర్పు చెప్పుమనుట. “నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?” అని బంధువులు బిడ్డలను ముద్దుగా అడుగుట మన ఇండ్లలో వాడుక. కలిసియున్న ఇంటిలో అది వేడుక. విడిపోయిన ఇంటిలో అదే ప్రశ్న బిడ్డ మనస్సును రెండుగా చీల్చును. అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనమామలు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తండ్రిని నిందించినను, తల్లిని నిందించినను, ఆ నింద తనలో సగమునకు తగిలినట్లు బిడ్డకు తోచును.

బిడ్డ ఎవరి వద్ద ఉండవలెనను ప్రశ్నకు చట్టము కూడ తల్లిదండ్రుల గెలుపోటములను కొలతగా తీసికొనదు. 1956వ సంవత్సరపు హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము బిడ్డ క్షేమమే అన్నిటికంటె ముఖ్యము. ఐదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగా తల్లి వద్ద ఉండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. తెలివి వచ్చిన బిడ్డ అభిప్రాయమును న్యాయాధిపతి విచారింపవచ్చునని 1890వ సంవత్సరపు సంరక్షకుల చట్టములో కలదు. అట్టి సందర్భమున బిడ్డకు ముందుగా మాటలు నేర్పి పంపరాదు. “నీకు తోచినది చెప్పు, నిర్ణయము జడ్జిగారిది” అని ధైర్యము చెప్పవలెను.

నిలకడయే ఔషధము

భోజనము, నిద్ర, బడి, ఆట ఎప్పటివలె అవే వేళలకు జరుగవలెను. ఆదివారము నాలుగు గంటలకు వచ్చెదనన్న తండ్రి నాలుగు గంటలకే రావలెను. రాలేనిచో ముందుగా తెలుపవలెను. ఖరీదైన బొమ్మకంటె నిలుపుకొన్న మాట బిడ్డకు ఎక్కువ మేలు చేయును. సంక్రాంతి, ఉగాది, వేసవి సెలవులు ఎక్కడ గడుపవలెనో తల్లిదండ్రులు ముందుగనే ఏర్పాటు చేసికొనవలెను. పండుగనాడు బిడ్డ ఎదుట వాదులాట కూడదు. ఉపాధ్యాయునికి సంగతి రహస్యముగా తెలిపినచో ఆయన తరగతిలో అందరి ఎదుట ఇబ్బందికర ప్రశ్నలు అడుగక, బిడ్డను ఒక కంట కనిపెట్టగలరు.

ఇంటిలో కొట్టుట, హింసించుట జరిగియున్నచో రక్షణకే మొదటి స్థానము. 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము క్రింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికముగా తల్లికి అప్పగింపవచ్చును. కీడు కలుగునని తోచినచో తండ్రి వచ్చి చూచుటను నిరాకరింపవలెను.

సహాయము కోరవలసిన వేళ

మొదటి ఏడాది, రెండేండ్లు కష్టముగా గడచును. తరువాత అధికసంఖ్యాకులైన బిడ్డలు కుదుటపడుదురని పరిశోధనలు తెలిపినవి. కాని వారముల తరబడి నిద్ర, ఆహారము సరిగా లేకున్నను, బడికి పోనన్నను, స్నేహితులను వదలివేసినను మానసిక వైద్యుని చూపింపవలెను. చచ్చిపోవుదునన్న మాట బిడ్డ నోట వచ్చినచో బెదరింపుగా తలపరాదు. బిడ్డను ఒంటరిగా విడువక, వెంటనే వైద్యసహాయము పొందవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉచితముగా తెలుగులో కూడ లభించును. ఆపదలో ఉన్న బిడ్డలకై 1098 నంబరు కలదు.

తల్లికిని, తండ్రికిని దుఃఖముండుట సహజము. ఆ దుఃఖమును స్నేహితులతోనో, పెద్దలతోనో, వైద్యునితోనో పంచుకొనవలెను. రాత్రివేళ బిడ్డను పక్కన కూర్చుండబెట్టుకొని తమ కష్టములు ఏకరువు పెట్టరాదు. ఆ వేళ బిడ్డకు కావలసినది ఒక కథ, ఒక దుప్పటి, తెల్లవారి లేచినప్పుడు తనవారు ఉందురన్న నమ్మకము.