ఎంతిస్తుంది సరే... ఎక్కుతుందా?

లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు? చిన్న కారు కొనేవాళ్లంతా ముందు అడిగేది ఇదే. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా అడవి దారి పట్టేవాళ్లు మాత్రం ఇంకో రెండు ప్రశ్నలు అడగాల్సిందే.

కొత్త కారు ఇంటి ముందు ఆగిందంటే చాలు. పక్కింటాయన రంగు గురించి మాట్లాడడు, సీట్లు ఎలా ఉన్నాయో చూడడు. నేరుగా విషయంలోకి వచ్చేస్తాడు... ‘ఎంతిస్తుంది?’ అని. ఆయన తప్పేం లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన రోజు నుంచీ మధ్యతరగతి ఇంటికి కారంటే నెల నెలా పెట్రోలు లెక్కే. స్కూలు ఫీజు, పాల బిల్లు, కరెంటు బిల్లు పక్కన అదీ ఒక పద్దు.

కానీ ఖమ్మంలో కారు కొనేవాళ్లకు మరో సంగతి కూడా ఉంటుంది. ఏడాదికోసారైనా రాములవారి దర్శనానికి భద్రాచలం వెళ్లాలి. అక్కడిదాకా వెళ్లాక పర్ణశాల చూడాలి. పిల్లలు మారాం చేస్తే మారేడుమిల్లి కూడా! దారిలో ఆ కారు ఒకే రోజు మూడు పరీక్షలు రాయాలి.

మొదటిది తేలికే. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వరకూ మైదానం. ఊళ్లలో స్పీడు బ్రేకర్లు, మిర్చి సీజన్లో ట్రాక్టర్లు తప్ప పెద్ద ఇబ్బందేమీ ఉండదు. కొత్తగూడెం నుంచి లెక్క మారుతుంది. అది విజయవాడ నుంచి జగదల్‌పూర్‌ వైపు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు దాని నంబరు 221. సింగరేణి బొగ్గు, పాల్వంచ విద్యుత్కేంద్రం, సారపాక పేపరు మిల్లు... వీటన్నింటి లారీలూ ఈ ప్రాంతపు రోడ్ల మీదే తిరుగుతాయి. గోదావరి వంతెన, భద్రాచలం పట్టణం దాటితే ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్‌ మొదలవుతుంది. ఇంకా ముందుకు పోతే శబరి ఒడ్డున చింతూరు. అక్కణ్నుంచి ఒక దారి కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి, మరొకటి మారేడుమిల్లి ఘాట్‌లోకి. మూడో పరీక్ష ఆ మలుపుల్లోనే.

ఈ దారిలో రోడ్డు వాహనానికి ఉన్న గిరాకీకి రైల్వే వాళ్లూ ఒక కారణమే. ‘భద్రాచలం రోడ్‌’ అని పేరున్న స్టేషన్‌ ఉన్నది భద్రాచలంలో కాదు, కొత్తగూడెంలో! పేరు చూసి దిగిన భక్తుడు ఇంకో 40 కిలోమీటర్లు బస్సో కారో ఎక్కాల్సిందే.

కాగితం మీద పాతిక

షోరూమ్‌లో చెప్పే 24, 25 కిలోమీటర్ల మైలేజీ అబద్ధం కాదు. అలాగని అది మన రోడ్డు మీద వచ్చే మైలేజీ కూడా కాదు. ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత వేగాల పట్టిక ప్రకారం కారును నడిపించి కొలిచే అంకె అది. ఆ పట్టికలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఎదురుగాలి ఉండదు, గుంతలుండవు, డిక్కీలో పులిహోర డబ్బాలుండవు. మే నెలలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం ఎండలో ఏసీ వేసుకుని, ఐదుగురు ఎక్కితే నాలుగో వంతు తగ్గినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయినా మైలేజీలో తేడా మనం భయపడేంత ఉందా? ఒక్కసారి కాగితం మీద లెక్కేసి చూడండి. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలనుకుందాం. నిజంగా 18 ఇచ్చే కారుకు ఏడాదికి సుమారు 61 వేలు ఖర్చు. 22 ఇచ్చే కారుకు 50 వేలు. తేడా 11 వేలు... నెలకు వెయ్యి రూపాయల లోపే. తక్కువేమీ కాదు. కానీ అడవి దారిలో ఒక్కసారి కారు చెడి, లాగించుకుని రావాల్సి వస్తే ఆ ఏడాది మిగులు మొత్తం అక్కడే కరిగిపోతుంది.

ఇంకో తమాషా ఉంది. 12 ఇచ్చే కారు బదులు 15 ఇచ్చేది కొంటే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చేదాని బదులు 25 ఇచ్చేది కొంటే మిగిలేది 10 లీటర్లే. మైలేజీ పెరిగే కొద్దీ ఆదా తగ్గుతూ వస్తుందన్నమాట. చిన్న కార్లలో దాదాపు అన్నీ ఇప్పటికే ఆ పై మెట్టు మీదున్నాయి. కాబట్టి ఒకటి రెండు కిలోమీటర్ల కోసం మిగతావన్నీ వదులుకోవడం తెలివైన బేరం కాదు.

ఇంజిన్‌ ఎంత చిన్నదైతే మైలేజీ అంత ఎక్కువన్న నమ్మకం కూడా పాతబడిపోయింది. 796 సీసీ ఆల్టో 800 చివరి మోడల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ 22.05. 2022లో వచ్చిన 998 సీసీ ఆల్టో కె10కు 24.39. ఇంజిన్‌ పెద్దది, శక్తి ఎక్కువ, మైలేజీ కూడా ఎక్కువే!

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్‌ కలిపిన ఇంధనమే సాధారణమైంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అందుకే ఈ ఇంధనం కోసం తయారుకాని పాత కార్లలో మైలేజీ 6-7 శాతం దాకా పడిపోవచ్చని 2021లో నీతి ఆయోగ్‌ నివేదికే లెక్కగట్టింది. ‘మా పాత కారు ఈమధ్య తాగేస్తోంది’ అనే ఫిర్యాదులో తప్పు పూర్తిగా కారుదే కాకపోవచ్చు.

సరదా కాదు... సత్తా

‘నడపడంలో మజా’ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. అది కుర్రకారు వ్యవహారమని వాళ్ల ఉద్దేశం. కానీ మజా అంటే ఏమిటి? తొక్కగానే అందుకునే ఇంజిన్‌, తిప్పినంతే తిరిగే స్టీరింగ్‌, మలుపులో అటూ ఇటూ ఊగిపోని బాడీ, అదిమినప్పుడు నమ్మకంగా పట్టే బ్రేకు. పాల్వంచ దాటాక ఆ నాలుగూ ఎందుకో అర్థమవుతుంది.

ముందు బొగ్గు టిప్పర్‌ గంటకు 40లో వెళ్తోంది. వెనక బస్సు హారన్‌ కొడుతోంది. ఎదురుగా దారి ఖాళీగా కనిపించింది. కుటుంబమంతా ఎక్కిన కారు ఆ టిప్పర్ని దాటడానికి ఎంతసేపు తీసుకుంటుందో అంతసేపూ ఎదురు వరసలోనే ఉండాలి. ఒకటి రెండు సెకన్లు తగ్గడం అక్కడ సరదా కాదు, ప్రాణం. చాలామంది చేసే పొరపాటు నాలుగో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్‌ నేలకేసి తొక్కడం. చిన్న పెట్రోలు ఇంజిన్‌ తక్కువ వేగంలో లాగదు. దాని బలం నాలుగు వేల ఆర్‌పీఎమ్‌ దగ్గర ఉంటుంది. ఒకటో, అవసరమైతే రెండో గేర్లు తగ్గించాకే ఆ బలం చేతికొస్తుంది. ఆ ఒక్క నిమిషం పెట్రోలు ఎక్కువే తాగుతుంది. తాగనివ్వండి.

డీజిల్‌ స్విఫ్ట్‌లను ఇప్పటికీ తలచుకునేవాళ్లు ఇందుకే ఉన్నారు. 2007లో వచ్చిన 1248 సీసీ డీజిల్‌ ఇంజిన్‌ 2 వేల ఆర్‌పీఎమ్‌కే 190 న్యూటన్‌ మీటర్ల టార్క్‌ ఇచ్చేది. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌ ఇచ్చేది 113 దరిదాపుల్లోనే, అదీ అంతకు రెట్టింపు ఆర్‌పీఎమ్‌ దగ్గర. మైలేజీ, లాగే బలం రెండూ ఒకే చోట దొరికిన రోజులవి. 2020 ఏప్రిల్లో బీఎస్‌-6 నిబంధనలు వచ్చాయి. చిన్న డీజిల్‌ ఇంజిన్‌ను వాటికి తగ్గట్టు మార్చడం బాగా ఖరీదైపోవడంతో మారుతి ఆ ఇంజిన్లకే స్వస్తి చెప్పింది.

పెట్రోలులో ఆ తూకం ఎలా సాగుతుందో కూడా స్విఫ్టే చెబుతుంది. 2024 మేలో వచ్చిన కొత్త మోడల్‌లో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ పోయి మూడు సిలిండర్లది వచ్చింది. కంపెనీ చెప్పిన మైలేజీ 22.38 నుంచి 24.8కి పెరిగింది. శక్తి 90 నుంచి 82 హార్స్‌పవర్‌కు దిగింది. ఉత్సాహంగా నడిపేవాళ్లు నొచ్చుకున్నారు. అయితే టార్క్‌ దాదాపు ఎప్పటిలాగే 112 దగ్గరే ఉంది. అంటే పరుగు పందెంలో వెనకబడొచ్చు గానీ, టిప్పర్‌ను దాటే చోట అంత నష్టమేమీ లేదు.

షెడ్డు ఎంత దూరం?

ఇక నమ్మకం సంగతి. మారుతి 800 మీద జనానికి ఇప్పటికీ ఉన్న మమకారం వట్టి జ్ఞాపకాల వల్ల కాదు. మూడు సిలిండర్లు, కార్బొరేటర్‌, ఆరున్నర క్వింటాళ్ల బరువు. ఆగిపోతే మండల కేంద్రంలో షెడ్డు మెకానిక్‌ ప్లగ్గులు తీసి తుడిచి, జెట్‌లోకి గాలి ఊది పంపించేవాడు. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పటి కార్లు అంత తరచుగా ఆగవు. కానీ ఆగితే మాత్రం ఊదితే కదలవు. లోపం ఎక్కడో తెలియాలంటే కంప్యూటర్‌ తగిలించాలి. కొత్తగూడెం దాకా ఫర్వాలేదు. భద్రాచలం దాటి అడవిలోకి వెళ్లాక షెడ్డు మాట అటుంచి, ఫోన్‌ సిగ్నలే అందని చోట్లున్నాయి.

కాబట్టి ఈ దారికి కారు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఇది ఎంత గొప్పది’ అని కాదు, ‘దీని విడిభాగం ఖమ్మంలో ఎన్ని గంటల్లో దొరుకుతుంది’ అని. తక్కువ అమ్ముడైన కారు సగం ధరకే సెకండ్‌ హ్యాండ్‌లో దొరుకుతోందని ముచ్చటపడితే, దాని హెడ్‌లైట్‌ కోసం హైదరాబాద్‌ వైపు చూడాల్సి రావచ్చు.

అడవిలో ఆగిపోయే కార్లలో చాలావాటి జబ్బు చిన్నదే. కారిన కూలెంట్‌, ముసలి బ్యాటరీ, గాలి లేని స్టెప్నీ. ఎక్కుడులో ఎండకు టెంపరేచర్‌ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్‌ వేసి, నీడ చూసి ఆపాలి. వేడి మీద రేడియేటర్‌ మూత తీయకూడదు. చేతులు, ముఖం కాలిపోతాయి. టైర్ల గాలి సంగతీ అంతే. నిండా మనుషులెక్కినప్పుడు ఎంతుండాలో డ్రైవర్‌ తలుపు పక్కన స్టిక్కర్‌ మీదే రాసి ఉంటుంది. చదివేవాళ్లే తక్కువ.

దిగుడులో న్యూట్రలా?

మారేడుమిల్లి ఘాట్‌లో కిందికి దిగేటప్పుడు గేరు న్యూట్రల్‌ చేసి పెట్రోలు మిగిల్చామని మురిసిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కార్బొరేటర్‌ రోజుల్లో దానివల్ల కొంత మిగిలేది, నిజమే. ఇప్పటి ఇంజెక్షన్‌ ఇంజిన్లలో వ్యవహారం తలకిందులు. గేరులో ఉంచి యాక్సిలరేటర్‌ మీద నుంచి కాలు తీస్తే కంప్యూటర్‌ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్‌ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే మిగిల్చామనుకున్నవాళ్లే ఎక్కువ కాలుస్తున్నారు!

పోయేది పెట్రోలొక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు. న్యూట్రల్‌లో ఇంజిన్‌ పట్టు ఉండదు. భారమంతా బ్రేకుల మీదే. మలుపు తరవాత మలుపు తొక్కుతూ పోతే అవి వేడెక్కి, చివరికి ఎంత అదిమినా పట్టని స్థితికి వస్తాయి. కొందరు తాళం కూడా తిప్పేస్తారు. అది ఇంకా ప్రమాదం. ఇంజిన్‌ ఆగితే ఒకటి రెండు తొక్కుళ్ల తరవాత బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, పవర్‌ స్టీరింగ్‌ పనిచేయదు. తాళం పూర్తిగా తిప్పి తీసేస్తే స్టీరింగ్‌ లాకే పడిపోతుంది. ఏ గేరులో కొండ ఎక్కుతామో అదే గేరులో దిగాలన్న పాత లారీ డ్రైవర్ల మాట చిన్న కారుకూ వర్తిస్తుంది. చాలా మలుపుల్లో అది రెండో గేరు.

క్లచ్‌ లేని ఏఎమ్‌టీ కార్లు 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలయ్యాయి. మైలేజీలో మాన్యువల్‌కు తీసిపోవు, ఊళ్లో హాయి. ఘాట్‌లో మాత్రం వాటిని మాన్యువల్‌ మోడ్‌లో పెట్టుకోవడమే మేలు. లేకపోతే మలుపు మధ్యలో గేరు మార్చాలా వద్దా అని అది ఆలోచిస్తూ కూర్చుంటుంది. ఎక్కుడులో ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా హ్యాండ్‌బ్రేక్‌ వాడటం నేర్చుకోవాలి.

పాత కారు బేరమా?

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెట్రోలైతే 1200 సీసీ, పొడవు 4 మీటర్ల లోపు ఉండాలి. దాంతో కొత్త కారు కొంత దగ్గరైంది. అయినా ఎక్కువ కుటుంబాల మొదటి కారు సెకండ్‌ హ్యాండే. అలా కొనేవాళ్లు ముందు చూడాల్సింది తయారీ సంవత్సరం. కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్‌ బ్రేకులు 2019 ఏప్రిల్‌ నుంచే తప్పనిసరయ్యాయి. అంతకుముందువైతే అది ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. వానలో తడిసిన ఘాట్‌ రోడ్డు మీద చక్రాలు బిగుసుకుపోయి కారు జారకుండా కాపాడేది అదే. రెండు కిలోమీటర్ల మైలేజీ కంటే దాని విలువ ఎక్కువ.

టెస్ట్‌ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. ఇంట్లో అందర్నీ ఎక్కించండి, ఏసీ వేయండి, ఏదైనా ఎత్తున్న రోడ్డు మీద ఆపి మళ్లీ కదిలించండి. ఖాళీ కారు మూడు కిలోమీటర్లలో చెప్పనిది నిండు కారు ముప్ఫై మీటర్లలో చెబుతుంది.

గోదావరి పక్కన ఉన్నవాళ్లకు మరో జాగ్రత్త అవసరం. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అలాంటి వరదల్లో మునిగిన కార్లు కడిగి, పాలిష్‌ కొట్టించుకుని తరవాత బేరానికి వస్తుంటాయి. పైకి కనిపించదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, బురద గీత ఉంటే అక్కడ దొరుకుతుంది. స్టెప్నీ తీసి దాని గుంతలో ఒండ్రు ఉందేమో చూడండి, కార్పెట్‌ ఎత్తి వాసన చూడండి. ఆ తరవాతే మైలేజీ ఎంతో అడగండి.