థోరియం ఉంది సరే, నిప్పు ఏదీ?

ఉత్తరాంధ్ర తీరం ఇసుకలో మోనజైట్ ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది, దాంతో దేశానికి వందల ఏళ్లు కరెంటు ఇవ్వొచ్చు అనే మాట తరచూ వినిపిస్తుంది. మొదటి రెండూ నిజమే. మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో ముందు వరుస. ఆ ఖనిజంలో ఇంచుమించు పదో వంతు థోరియం ఆక్సైడే. ఆగి ఆలోచించాల్సింది మూడో మాట దగ్గర.

రియాక్టర్‌లో ఇంధనం మండటమంటే, న్యూట్రాన్ తగిలి పరమాణు కేంద్రకం చీలడం. ప్రకృతిలో దొరికేవాటిలో అలా సులువుగా చీలేది యురేనియం-235 ఒక్కటే. గనిలో తీసిన యురేనియంలో అది 0.7 శాతం మాత్రమే. థోరియంలో అదీ లేదు. అది పచ్చికట్టె లాంటిది. పక్కన ఎండుకట్టెల మంట ఉంటేనే ఆరి అంటుకుంటుంది. న్యూట్రాన్‌ను మింగిన థోరియం ముందు ప్రొటాక్టినియంగా, కొన్ని వారాలకు యురేనియం-233గా మారుతుంది. ఈ 233 చక్కగా చీలుతుంది. మరి మొదటి న్యూట్రాన్లు ఇచ్చేదెవరు? థోరియం గురించి ఎవరేం చెప్పినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

మామూలు నీటితో చల్లబరిచే రియాక్టర్‌లోనూ థోరియం నుంచి ఇంధనం పుట్టించడం సాధ్యమేనని అమెరికా చేసి చూపించింది. పెన్సిల్వేనియాలోని షిప్పింగ్‌పోర్ట్ కేంద్రాన్ని 1977 నుంచి 1982 వరకు థోరియం, యురేనియం-233 కలిపి నడిపారు. చివరికి ఇంధనాన్ని తీసి లెక్క చూస్తే, చీలగల పదార్థం మొదట పెట్టినదానికంటే ఒక శాతానికి పైగా ఎక్కువే ఉంది. అయితే మొదట పెట్టిన ఆ యురేనియం-233ను అంతకుముందే వేరే రియాక్టర్లలో తయారుచేసి తేవాల్సి వచ్చింది.

మన దగ్గర ఎక్కువగా ఉన్నవి భారజల రియాక్టర్లు. వీటికి శుద్ధి చేయని సహజ యురేనియమే చాలు. అర మీటరు పొడవుండే వీటి ఇంధన బండిళ్లు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. థోరియం బండిళ్లు కూడా వీటిలోకి వెళ్లాయి, కాకపోతే వేరే పని మీద. కొత్త రియాక్టర్‌లో అన్నీ తాజా బండిళ్లే ఉంటే నడిమధ్యన వేడి మితిమీరుతుంది. గుజరాత్‌లోని కాక్రపార్ మొదటి యూనిట్‌లో న్యూట్రాన్లను కొంత మింగి ఆ జోరు తగ్గించడానికి థోరియం పెట్టారు. ఇంధనం కావాల్సినది ముందు కళ్లెంగా పనిచేసిందన్నమాట.

ఇప్పుడు చర్చలో ఉన్నది అమెరికాకు చెందిన క్లీన్ కోర్ సంస్థ ‘అనీల్’ ఇంధనం. థోరియంలో కొద్దిగా హాల్యూ, అంటే 5 నుంచి 20 శాతం దాకా శుద్ధి చేసిన యురేనియం కలుపుతారు. ఎండుకట్టె ఇదే. బండిల్ ఆకారం మారదు కాబట్టి ఉన్న భారజల రియాక్టర్లలోనే వాడొచ్చని ఆ సంస్థ అంటోంది. 2024లో ఇడాహో ప్రయోగశాలలో పరీక్షలు మొదలయ్యాయి. పుట్టిన యురేనియం-233 అక్కడికక్కడే చాలావరకు ఖర్చయిపోవడం దీని సుగుణం. ఒక్కో బండిల్ ఎక్కువ కాలం నిలుస్తుంది, వాడేసిన ఇంధనం పరిమాణం తగ్గుతుంది.

థోరియం ఆక్సైడ్ 3,300 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు, వేడిని బాగా ప్రసరింపజేస్తుంది. ఇవి గట్టి లాభాలే. కానీ ప్రమాద భయం వీటితోనే పోదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో పేలిన హైడ్రోజన్ పుట్టింది ఇంధన కడ్డీల జిర్కోనియం తొడుగు ఆవిరితో కలవడం వల్ల. లోపలి గుళికలు మార్చినంత మాత్రాన ఆ తొడుగు మారదు.

వాడిన థోరియం నుంచి 233ను వెలికితీయడం మరో తలనొప్పి. థోరియం ఆక్సైడ్ ఒట్టి నైట్రిక్ ఆమ్లంలో సులువుగా కరగదు. 233తోపాటు పుట్టే యురేనియం-232 క్షీణించగా వచ్చే పదార్థాలు తీవ్రమైన గామా కిరణాలు విడుస్తాయి. మందపాటి గోడల అవతల నుంచి యంత్రాల చేతులతో పనిచేయాల్సిందే. అనీల్ ఈ బెడద తప్పిస్తుంది, నిజమే. కానీ హాల్యూను వాణిజ్య స్థాయిలో అమ్మగలిగే దేశాలు బహు తక్కువ. నిన్నమొన్నటిదాకా రష్యా ఒక్కటే. థోరియం మన తీరంలోనే దొరికినా, దాన్ని రాజేసే యురేనియానికి బయటి ఒప్పందం కావాలి. మన అణు కార్యక్రమానికి ఆద్యుడైన హోమీ భాభా గీసిన మూడు దశల పథకంలో ఆ నిప్పును తమిళనాడులోని కల్పాక్కం తరహా ఫాస్ట్ బ్రీడర్లు, అంటే వాడేదానికంటే ఎక్కువ చీలగల పదార్థాన్ని పుట్టించే రియాక్టర్లు, ఇక్కడే తయారుచేయాలి. అది నెమ్మదైన దారే. నా మొగ్గు మాత్రం అటే.