ద్యుపతి, హెర్మే, అర్తెమి – వీరెవరు?

అపొస్తలుల కార్యముల గ్రంథాన్ని కుటుంబ ప్రార్థనలో వరుసగా చదువుకునే ఇళ్లలో, పిల్లలు మధ్యలో ఆపి అడిగే పేర్లు కొన్ని ఉన్నాయి. ద్యుపతి ఎవరు? హెర్మే ఎవరు? అర్తెమిదేవి మన ఊరి గ్రామదేవతలాంటిదా? "అవి అన్యదేవతల పేర్లులే" అని పెద్దలు పేజీ తిప్పేస్తారు. ఆ జవాబు తప్పు కాదు గాని చాలదు. పౌలు తిరిగిన పట్టణాల్లో జనం ఈ దేవతల కథలను ఉగ్గుపాలతో తాగి పెరిగినవారు. ఆ కథలు తెలియకపోతే లుస్త్రలో పౌలు బర్నబాలు బట్టలెందుకు చించుకున్నారో, ఏథెన్సులో కొందరు ఎందుకు నవ్వారో మనకు సగమే అర్థమవుతుంది.

ముందుగా లుస్త్ర. ఇది నేటి టర్కీ దేశంలో, కొన్యా నగరానికి దక్షిణాన ఉండేది. పుట్టుకుంటివాడు లేచి నడవగానే జనం లుకయోనియ భాషలో కేకలు వేశారు. బర్నబాను ద్యుపతి అన్నారు, ముఖ్యంగా మాట్లాడేవాడు పౌలు గనుక అతణ్ణి హెర్మే అన్నారు. పూజారి ఎద్దులను, పూదండలను తెచ్చాడు. ఇంత తొందర ఎందుకు?

ఆ ప్రాంతానికి సంబంధించిన ఒక పాత కథ ఉంది. రోమా కవి ఓవిద్ క్రీ.శ. 8 నాటికి తన కావ్యంలో దాన్ని రాశాడు. ద్యుపతి, హెర్మే మనుష్యుల వేషంలో ఫ్రుగియ కొండప్రాంతానికి వచ్చి వెయ్యి ఇళ్ల తలుపులు తట్టారట. ఒక్కరూ తీయలేదు. చివరికి ఫిలేమోను, బౌకిస్ అనే ముసలి దంపతులు తమ పూరిగుడిసెలోకి పిలిచి కాళ్లకు నీళ్లిచ్చి, ఉన్నదేదో వండిపెట్టారు. ఉన్న ఒక్క బాతును కూడా కోయబోయారు. ఆ దేవతలు వారిద్దరినీ కొండమీదికి తీసుకుపోయి, మిగిలిన ప్రాంతాన్నంతా నీట ముంచేశారు. ఫ్రుగియ లుకయోనియకు పొరుగు సీమ. లుస్త్ర దగ్గరే ద్యుపతిని, హెర్మేను కలిపి పేర్కొన్న శాసనం ఒకటి గత శతాబ్దపు తొలి సంవత్సరాల్లో దొరికింది. కాబట్టి లుస్త్ర ప్రజలకు ఇలాంటి కథ తెలిసే ఉంటుందని పండితులు తలుస్తారు. అలాగైతే ఆ ఎద్దుల వెనుక భక్తి ఎంత ఉందో, ఈసారి తలుపు తీయకపోతే మునిగిపోతామేమో అన్న భయమూ అంతే ఉంది. భయంతో తెచ్చిన దండ అది. దాన్ని మెడలో వేయించుకుంటే పౌలుకు ఆ ఊళ్లో ఎదురుండేది కాదు. వద్దన్నాడు. ఆ తరువాత అదే ఊళ్లో రాళ్లదెబ్బలు తిన్నాడు.

ఇక్కడ మన తెలుగు అనువాదకుల సంగతి ఒకటి చెప్పుకోవాలి. గ్రీకులో ఉన్న పేరు జ్యూస్. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు దాన్ని తీసి రోమావారి జూపిటర్ పేరు పెట్టింది. మనవారు ద్యుపతి అన్నారు. ద్యు అంటే ఆకాశం. గ్రీకువారి జ్యూస్, వేదాల్లోని ద్యౌస్, రోమావారి జూపిటర్, ఈ మూడు పేర్లూ ఒకే మూలం నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అలాగే 28వ అధ్యాయంలో పౌలు మెలితే నుండి ఎక్కిన ఓడకు అశ్వినీ చిహ్నం ఉందని చదువుతాం. గ్రీకులో అది ద్యుపతి కుమారులైన కవలలు, కాస్టర్, పొలక్స్. వీరు గుర్రపు రౌతులు, తుపానులో నావికులను కాపాడతారని నమ్మిక. మన అశ్వినీదేవతలూ కవలలే, గుర్రాలతో సంబంధమున్నవారే. సముద్రంలో మునుగుతున్న భుజ్యుడనే వాణ్ణి వారు కాపాడినట్టు ఋగ్వేదం చెబుతుంది. ఇంత చక్కని మాట ఏరిన ఆ అనువాదకులకు రెండు సాహిత్యాలూ బాగా తెలిసి ఉండాలి.

అర్తెమి గురించి క్లుప్తంగా చెబితే చాలు. గ్రీకు కథల్లో ఆమె అపొల్లోకు కవల సోదరి, అడవుల్లో వేటాడే కన్య. ఎఫెసులో పూజలందుకున్న అర్తెమి వేరే రూపం, ఆ సీమ పాత మాతృదేవత పోలిక. ఆమె గుడి ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. 127 స్తంభాలు ఉండేవని ప్లినీ రాశాడు. కాలక్రమాన అది ఎక్కడుందో కూడా జనం మరచిపోయారు. జాన్ టర్టిల్ వుడ్ అనే ఇంగ్లీషువాడు ఆరేళ్లకు పైగా వెదికి 1869 చివరలో కనుగొన్నాడు. ఇప్పుడు ఆ చిత్తడినేలలో ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభం ఉంది, దానిమీద కొంగలు గూళ్లు కట్టుకుంటాయి.

పాతాళమనే మాటకు వద్దాం. మన బైబిలులో పాతాళం, పాతాళలోకం అని ఉన్నచోట గ్రీకులో చాలావరకు హేడీస్ అని ఉంటుంది. ఇది మొదట ఒక దేవుని పేరు. ద్యుపతి, అతని అన్నలు పొసైడన్, హేడీస్ చీట్లు వేసుకుంటే ఆకాశం, సముద్రం, మృతులలోకం వారికి వరుసగా వచ్చాయట. క్రమేణ ఆ పేరే ఆ లోకానికీ పడింది. అలెక్సంద్రియలో హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి మార్చిన యూదులు షెయోల్ అనే మాటకు దీన్నే వాడుకున్నారు. పేతురు రెండవ పత్రిక 2వ అధ్యాయంలో పాపం చేసిన దూతలను త్రోసివేసిన చోటు మాత్రం టార్టరస్. కంచుదిమ్మెను భూమిమీదినుండి జారవిడిస్తే తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు పడుతూ పదోనాటికి అక్కడికి చేరుతుందని కవి హీసియడ్ లెక్క. క్రొత్త నిబంధనలో ఈ మాట వచ్చేది ఆ ఒక్కచోటే.

పాతాళానికి దారి అని గ్రీకువారు చూపించిన గుహలు నిజంగానే ఉన్నాయి. వాటిలో ఒకటి హియెరాపొలిలో, కొలొస్సయుల పత్రిక 4వ అధ్యాయంలో పేరున్న ఊరే. ఎద్దులను లోపలికి తోలితే పడి చచ్చేవి, వెంట వెళ్లిన పూజారులు క్షేమంగా తిరిగివచ్చేవారు. భూగోళవేత్త స్ట్రాబో తానే పిచ్చుకలను లోపలికి వదిలితే వెంటనే చచ్చిపడ్డాయని రాశాడు. 2018లో ప్రచురించిన ఒక పరిశీలన దీని గుట్టు విప్పింది. నేల పగుళ్లలోనుండి బొగ్గుపులుసు వాయువు వస్తోంది. అది గాలికంటే బరువు గనుక కింద మడుగు కడుతుంది. ఎద్దు ముట్టె ఆ మడుగులో ఉంటుంది, నిలబడి ఊపిరి బిగబట్టిన పూజారి తల పైన ఉంటుంది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు దీపం దించి చూసే మన రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. దీపం ఆరిందంటే మనిషి దిగకూడదు.

ఇక అరేయొపగు. ఇది ఏథెన్సులో ఒక రాతిగుట్ట, యుద్ధదేవత ఆరెస్ పేరుతో ఉంది. తల్లిని చంపిన ఒరెస్టీస్‌కు ఇక్కడే విచారణ జరిగినట్టు ఐస్కిలస్ క్రీ.పూ. 458లో నాటకం ఆడించాడు. అందులో అపొల్లో దేవుడే సాక్షిగా నిలబడి, మనిషి రక్తం ఒకసారి మట్టిలో ఇంకిపోతే మళ్లీ లేవడమన్నది లేదంటాడు. అక్కడ వాడిన మాట అనస్తాసిస్, పునరుత్థానం. దాదాపు ఐదువందల ఏళ్ల తరువాత అరేయొపగు సభ ఎదుట నిలబడి, పౌలు మృతుల పునరుత్థానం అన్నప్పుడు నోట వచ్చిన మాటా అదే. నవ్వినవారిని మూర్ఖులనుకోవద్దు. లేవడం లేదని తమ దేవుడే తమ గుట్టమీద చెప్పినట్టు వారు తరతరాలుగా విన్నారు.

ఆ రోజు నమ్మిన కొద్దిమందిలో ఒకడు దియొనూసియు. ద్రాక్షారసపు దేవత దియొనూసస్ పేరిట పెట్టిన పేరది. బాప్తిస్మం పొందాక పేరు మార్చుకున్నట్టు ఎక్కడా లేదు. మన సంఘాల్లో బాప్తిస్మమప్పుడు పాత పేరు తీసేయాలా అన్నదానిమీద ఇళ్లలో తగవులు కూడా వస్తుంటాయి. తాత పెట్టిన పేరు పోతుందని ముసలమ్మ ఏడుస్తుంది, ఉంచితే సంఘంలో చిన్నచూపని కొడుకు బాధపడతాడు. ఆ ఇంటివారు రోమా పత్రిక 16వ అధ్యాయం కలిసి చదువుకుంటే మంచిదని నా అభిప్రాయం. అక్కడ పౌలు వందనాలు చెప్పినవారిలో హెర్మే ఉన్నాడు, సముద్రదేవత పేరున్న నేరియ ఉన్నాడు. ఫిలిప్పీ సంఘపు ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవత ఉంది. ఎఫెసులో అల్లరి లేపిన కంసాలి దేమేత్రియ, యోహాను మూడవ పత్రికలో మంచి సాక్ష్యం పొందిన దేమేత్రియ, ఇద్దరిదీ పంటలదేవత దేమేతేర్ పేరే. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే పేరు అర్తెమి అమ్మమ్మది. రోమా పత్రికను కొరింథు సీమనుండి రోమాకు మోసుకుపోయింది ఆమేనని చాలామంది పండితుల నమ్మకం.