“నావల్ల కాదు” అనకండి

మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి చిన్నప్పుడు సన్నగా ఉండేవారు. బరువులెత్తడం ఆమెవల్ల కాదన్నారు. తల్లి ధైర్యం చెప్పారు. సాధన ఆగలేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే.

“నావల్ల కాదు” అనుకున్న బిడ్డ ఆట మానేస్తుంది. ఆడకపోతే ఆట రాదు. రాకపోయేసరికి ఆ మాటే నిజమనిపిస్తుంది. “ఇంకా రాలేదు” అనుకున్న బిడ్డ మళ్లీ ప్రయత్నిస్తుంది.

తల్లిదండ్రులారా, ఇతర పిల్లలతో పోల్చకండి. “గెలిచావా?” అనే బదులు “ఈరోజు ఏం నేర్చుకున్నావు?” అని అడగండి. 5-17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆట, వ్యాయామం అవసరం. ఆడేటప్పుడు ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే డాక్టరుకు చూపించండి.